మా అన్నయ్య మింగిన పొడి

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు గారికి, వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న అంతకంటే పెద్దలకు నమస్కారం. పేర్లు చదవను. పోయినేడు పేర్లు చదువుతూ ఒకాయన్ని వదిలేస్తే ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. ఆయన ఇవాళ రెండో వరసలో కూర్చుని నవ్వుతున్నారు కాబట్టి ఆ కేసు కొట్టేసినట్టే.

డిసెంబరు 17 మనకు పండగ. 1982లో ఇదే రోజున నకారా అనే పెన్షనరు వేసిన కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అంటే దయతో వేసే భిక్ష కాదని, హక్కని చెప్పింది. దాని గురించి కార్యదర్శి గారు అరగంట చెప్పారు, నేను మళ్ళీ ఎత్తుకోను. నాకిచ్చిన అంశం ‘వృద్ధాప్యంలో ఆరోగ్య జాగ్రత్తలు’. ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, బాత్‌రూములో జారిపడకండి. అంశం అయిపోయింది. ఇక నేను చెప్పాలని వచ్చింది చెబుతాను.

మొన్న మన వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. మోకాళ్ళ నొప్పులకు ఏదో పొడి, మూడు రోజుల్లో గ్యారంటీ, కొరియర్‌లో ఇంటికే వస్తుందట. కింద పదకొండు మంది దండాల బొమ్మ పెట్టారు. ఇద్దరు నంబరు పంపమన్నారు. ఆ ఇద్దరినీ నేను తప్పు పట్టను. అలాంటి పొడి నిజంగానే పనిచేయొచ్చు. మూడు రోజుల్లోనే పనిచేయొచ్చు. నా భయమంతా అదే.

నేను ముప్పై మూడేళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేశాను. కాగితాల్లో ఫార్మసిస్టుని, ఊళ్ళో మాత్రం ఇప్పటికీ కాంపౌండరునే. చదువులేనివాళ్ళే నాటుమందులు నమ్ముతారని అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పసరు తాగి వచ్చినవాళ్ళలో కూలీలూ ఉన్నారు, లెక్చరర్లూ ఉన్నారు. కరోనా నాటుమందు కోసం కృష్ణపట్నం రోడ్డు మీద ఆగిన కార్లు ఎవరివి? జనం ఎందుకు నమ్ముతారో మూడు కారణాలు కాగితం మీద రాసుకొచ్చాను.

ఒకటి, కాకతాళీయం. తాటిచెట్టు మీద కాకి వాలింది, ఆ క్షణానే పండు రాలింది. కాకి వల్లే రాలిందనుకున్నాం. పచ్చకామెర్లు అలాంటివే. మన ఊళ్ళలో ఎక్కువగా నీళ్ళు పాడై వచ్చే కామెర్లు, హెపటైటిస్ ఏ, ఈ రకాలు. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో మనం పరగడుపున పసరు తాగుతాం, పథ్యం చేస్తాం. తగ్గుతుంది. తాగకపోయినా తగ్గేదని మనకెవరు చెబుతారు? తాగకుండా చూసినవాడేడీ? అదే కామెర్లు హెపటైటిస్ బీ వల్లనో, పిత్తనాళంలో రాయి అడ్డుపడో, క్లోమంలో క్యాన్సర్ వల్లనో వస్తే పసరు చూస్తూ కూర్చుంటుంది. విలువైన నెల పోతుంది. కుక్కకాటుకు నాటుమందూ అంతే. కరిచిన ప్రతి కుక్కకూ పిచ్చి ఉండదు. పిచ్చి లేని కుక్క కరిచిన వందమందిని ‘బతికించిన’ మనిషికి ఎంత పేరొస్తుందో ఆలోచించండి. నూటొకటో వాడికి రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ఏ ఆసుపత్రీ దాదాపు ఏమీ చేయలేదు. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, ఆ రోజే వ్యాక్సిన్ వేయించుకోండి. ఇది అంశంలో లేదు, అయినా రాసుకోండి.

రెండు, పోయినవాళ్ళు సాక్ష్యం చెప్పడానికి రారు. 2021 మే నెల గుర్తుందా? ఆక్సిజన్ లేదు, బెడ్లు లేవు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనా మందు ఇస్తున్నారంటే వేలమంది వెళ్ళారు. కంట్లో చుక్కలు వేయగానే లేచి కూర్చుని మాట్లాడిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి వీడియో మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. నాకు పధ్నాలుగు మంది పంపారు. ఆ హెడ్మాస్టరు గారు ఆ నెలాఖరుకే నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ వార్త నాకు ఎంతమంది పంపారో తెలుసా? ఒక్కరు. ప్రభుత్వం తర్వాత మందు పంపిణీకి ఒప్పుకుంది, కంటి చుక్కలకు మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు. అది కూడా ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఆ రోజుల్లో అక్కడికి వెళ్ళినవాళ్ళను వెక్కిరించే హక్కు మాత్రం నాకు లేదు. పెద్దాసుపత్రి గేటు దగ్గర బెడ్ లేదని చెప్పించుకున్నవాడు ఎటు వెళ్ళాలి?

చట్టం లేదా అంటే ఉంది. 1954 నుంచీ ఉంది. షుగరు, క్యాన్సర్, కంటి శుక్లాలు, పక్షవాతం లాంటివి నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. 2024లో పతంజలి వాళ్ళ చేత సుప్రీంకోర్టు పత్రికల్లో క్షమాపణ వేయించింది కూడా. ఇంటికి వెళ్ళాక ఏదో ఒక టీవీ ఛానల్ పెట్టండి, పొద్దున ఆరింటికి ఆ చట్టం ఎక్కడుందో నాకూ చూపించండి.

మూడో కారణం కాగితం మీదే ఉండిపోనివ్వండి. మా అన్నయ్య సంగతి చెప్పకుండా కూర్చోవడం నా వల్ల కాదు.

2006 నాటికి అన్నయ్యకు మోకాళ్ళు అరిగిపోయాయి. పొలం గట్టు దిగలేకపోయేవాడు. మా ఆసుపత్రికి వచ్చి వరసలో నిలబడేవాడు. కిటికీలోంచి నొప్పి తగ్గించే డైక్లోఫినాక్ మాత్రలు చేతిలో పెట్టి ‘పొద్దునొకటి, రాత్రొకటి, తిన్నాక’ అనేవాణ్ణి. సొంత అన్నతో కూడా అంతే మాట. వెనక నలభై మంది ఉండేవారు మరి.

పక్క టౌన్లో ఒకతను ఆదివారం ఆదివారం లాడ్జి గదిలో కూర్చుని మందిస్తాడని ఎవరో చెప్పారు. అన్నయ్య వెళ్ళాడు. అతను నాడి పట్టుకున్నాడు. మోకాలు ఒత్తి చూశాడు. ఏ పక్కకు తిరిగి పడుకుంటావని అడిగాడు, మిరప ఎంతకు అమ్మావని అడిగాడు. గంటసేపు మాట్లాడాడట. పొడి పొట్లాలు ముప్పై ఇచ్చాడు. మూడో రోజు అన్నయ్య సైకిలెక్కాడు. నెల తిరిగేసరికి అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్ళొచ్చాడు. మూడున్నర వేల మెట్లండీ!

ఆకలి పెరిగింది. బుగ్గలొచ్చాయి, ముఖం గుండ్రంగా నిండింది. ‘ఒళ్ళు చేశావయ్యా’ అన్నారు ఊళ్ళోవాళ్ళు. వదిన దిష్టి తీసింది. నేనూ చూశాను. స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడితే ముఖం చందమామలా ఉబ్బుతుందని చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. నేనేం చేశానంటే, పెళ్ళి భోజనాల్లో పదిమంది ముందు ‘ఏంటన్నయ్యా, బూడిద తిని బలిశావ్’ అని నవ్వాను. ఆయన ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి పొట్లాలు నాకు కనపడకుండా దాచాడు.

ఎనిమిదో నెలలో వెళితే లాడ్జి గది ఖాళీ. మనిషి లేడు. పొడి ఆగిన నాలుగో రోజు వాంతులు, నీరసం, మంచం మీంచి లేవలేడు. బీపీ 70కి పడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆయన బుగ్గలు, చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి, నన్ను పక్కకు పిలిచి ‘ఏం పొడి తింటున్నారు?’ అని అడిగింది. మాత్రలు అని కాదు, పొడి అనే అడిగింది. అలాంటివి ఎన్ని చూసిందో!

కిడ్నీల మీద చిన్న గ్రంథులుంటాయి. స్టెరాయిడ్ లాంటి పదార్థం ఒంటికి రోజూ కావాల్సినంత అవి చేసిపెడతాయి. బయటి నుంచి దండిగా వస్తుంటే అవి పని మానేస్తాయి. బయటిది హఠాత్తుగా ఆగితే లోపలిదీ లేదు, బయటిదీ లేదు. డెక్సా అనే స్టెరాయిడ్ మాత్ర ఒకటి రూపాయి కూడా ఉండదు. నూరి, వేరు పొడిలో కలిపితే ఎవరికి తెలుస్తుంది? డాక్టరమ్మ సెలైన్‌తో పాటు స్టెరాయిడ్ ఇంజెక్షనే చేసింది. సాయంత్రానికి అన్నయ్య లేచి కూర్చుని కాఫీ అడిగాడు.

అప్పుడు నేను ధైర్యంగా అంతా వివరించాను. ఆయన విని, కాఫీ తాగి, ఇలా అన్నాడు: “ఒరేయ్, పొడి మానేస్తే పడిపోయాను. పొడిలో ఉన్న మందే డాక్టరమ్మ మళ్ళీ ఎక్కిస్తే లేచాను. మరి తప్పు పొడిదెలా అయిందిరా?”

చెప్పండి. ఇక్కడ లెక్కల మాస్టార్లున్నారు, తహసీల్దారుగా చేసినవారున్నారు. మా అన్నయ్య ఏడో తరగతి. ఆయన లాజిక్కులో నాకు తప్పు దొరకలేదు. ఎముకలు గుల్లబారతాయని, షుగర్ పెరుగుతుందని చెబితే అవి ఆయనకు కనపడవు. మూడో రోజు ఎక్కిన సైకిలు కనపడుతుంది.

స్టెరాయిడ్‌ని నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించారు. నొప్పులు తిరిగొచ్చాయి. షుగర్ బయటపడింది. తర్వాత పెరట్లో జారి తుంటి ఎముక విరిగింది. అయినా 2019లో పోయేదాకా ఆ లాడ్జి మనిషిని ఒక్క మాట అననివ్వలేదు. “నా మోకాలి మీద చెయ్యేసి చూసింది వాడొక్కడేరా” అనేవాడు. నిజమే. నేను వేయలేదు. కిటికీ అడ్డం.

ఆ పొట్లాల్లో ఒకటి నా బీరువాలో ఇప్పటికీ ఉంది. పరీక్షకు పంపాలి పంపాలి అనుకుంటూనే ఉన్నాను.

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు, ఒక్క నిమిషం. మీలో ఎవరైనా ఇలాంటి పొడి ఇప్పటికే వాడుతుంటే, నా మాట విని ఈ రాత్రికే మానేయకండి. పొడి అలా ఠక్కున ఆగబట్టే మా అన్నయ్య ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. పొట్లం జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. సిగ్గుపడకుండా బల్ల మీద పెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మొహమాటమైతే వచ్చే నెల మీటింగుకి తీసుకురండి, ఇద్దరం కలిసి వెళదాం. టీ తాగేటప్పుడు ఆ మూల బెంచీ మీద ఉంటాను. చెవిలో చెప్పినా చాలు. ఈసారి నవ్వను.