అడుగుభాగం ఫోటో లేని ఫోన్‌కి వేలం పాట పాడొద్దు: 332 డయల్ ఫోన్, పల్స్ డబ్బా రివ్యూ

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. టేబుల్ మీద రెండు వస్తువులున్నాయి చూడండి. ఈ నల్ల ఫోన్, 332 అనే పాత బ్రిటన్ డయల్ ఫోన్, నేను ఆన్‌లైన్ వేలంలో సొంత డబ్బుతో కొన్నది. పక్కనున్న తెల్ల డబ్బా ఇలాంటి పాత ఫోన్‌ని ఇప్పటి లైన్ మీద పనిచేయించడానికి. అది మాత్రం తయారుచేసినవాళ్లే రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు. వీడియో ముందు తమకు చూపించమనీ అడగలేదు. డబ్బా కొలతలు, ధర వాళ్ల పేజీలో ఉన్నాయి, మీలో చాలామంది చూసే ఉంటారు. అవి మళ్లీ చదవను.

ముందు ఈ చప్పుడు వినండి. సున్నాలో వేలు పెట్టాను, చివరిదాకా తిప్పాను, వదిలేశాను. విన్నారా? ఈ చప్పుడు కోసమే నేను ఈ ఫోన్ కొన్నాను. మనం వేలితో తిప్పేటప్పుడు లైన్ మీద ఏమీ జరగదు. అప్పుడు లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది, అంతే. అసలు పని వదిలాక మొదలవుతుంది. డయల్ వెనక్కి వస్తూ లైన్‌ని తెంపుతూ కలుపుతూ ఉంటుంది. ఒకటి తిప్పితే ఒకసారి, ఐదు తిప్పితే ఐదుసార్లు, సున్నాకి పదిసార్లు. ఒక్కో తెంపు ఒక పల్సు, సెకనుకి 10 పల్సులు రావాలి. మన వేలు ఎంత తొందరపడినా, ఎంత నెమ్మదిగా తిప్పినా ఆ వేగం మారకూడదు. దానికి లోపల ఒక గవర్నర్ ఉంటుంది. రెండు చిన్న బరువులు తిరుగుతూ, వేగం పెరిగితే బయటికి విచ్చుకుని గిన్నెకి రాసుకుంటాయి, వేగం తగ్గుతుంది. బ్యాటరీ లేదు, చిప్ లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే పని చేస్తోంది. నాకైతే ఎన్నిసార్లు తిప్పినా తనివి తీరడం లేదు.

ఫోన్ వచ్చిన రోజు ఇలా లేదు. కొరియర్ బరంపురం దాకా వచ్చి అక్కడ మూడు రోజులు ఆగింది. పెట్టె మూల నొక్కుకుపోయి వచ్చింది, నాకు ఒకటే టెన్షన్. విప్పితే షెల్ బాగానే ఉంది. నేను ముందుగదిలో డయల్ తిప్పుతుంటే వంటింట్లోంచి నాన్న, "ఆ డయల్ నీరసంగా ఉందిరా, దానికి ఎక్స్ఛేంజ్ తప్పు నంబర్ ఇస్తుంది" అన్నారు. ఫోన్ చూడనే లేదు, విని చెప్పారు. ఆయన టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా రిటైర్ అయ్యారు. మొబైల్‌లో చప్పుడు రికార్డ్ చేసి చూస్తే నిజమే, సున్నాకి పది పల్సులు రావడానికి సెకనున్నర దగ్గర పడుతోంది. పాత గ్రీజు జిగురులా పట్టేసింది. నాన్న దాన్ని తుడిచి, గవర్నర్ ఇరుసు మీద గడియారాల నూనె ఒక్క చుక్క వేశారు. ఇంట్లో కొబ్బరినూనె వేసేవాళ్లున్నారు, దయచేసి వేయకండి. చలికాలంలో అది పేరుకుపోతుంది, డయల్ మళ్లీ మొదటికి వస్తుంది.

మా చిన్నప్పుడు ఇంట్లో ఐ.టి.ఐ. (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) బెంగళూరు ముద్ర ఉన్న డయల్ ఫోన్ ఉండేది. సరిహద్దు దాటితే పాతపట్నం, అక్కడ మా పిన్ని ఉండేది. ఆమెతో మాట్లాడాలంటే ముందు కోడ్ తిప్పాలి. మన ఒడిశా కోడ్‌లు 06తో మొదలైతే ఆంధ్రవి 08తో మొదలవుతాయి కదా. సున్నా, ఎనిమిది. ఊరు పేరు కూడా రాకముందే 18 పల్సులు! ఎంగేజ్ వస్తే మళ్లీ మొదటినుంచి. ఆ ఫోన్‌ని తర్వాత ఎవరికో ఇచ్చేశాం. ఆ బాధ నాకింకా ఉంది.

ఇక వేలం గురించి. మా వైపు మామిడితోట పాటైనా, చెరువు పాటైనా "ఒకటోసారి, రెండోసారి" అని అరుస్తారు. మూడోసారి అనేలోపు ఎవరైనా పెంచితే అవతలివాడికి మళ్లీ జవాబిచ్చే అవకాశం ఉంటుంది. ఈబే లాంటి చోట ఆ మూడోసారి లేదు. గడియారం సున్నాకి రాగానే పాట ఆగిపోతుంది. అందుకే చివరి ఐదారు సెకన్లలో వచ్చి పాడేవాళ్లుంటారు. పోయినేడు ఒక ఐవరీ రంగు ఫోన్ నాకు అలాగే పోయింది. రెండు గంటలు కూర్చున్నాను, కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను, ఆఖరి క్షణంలో ఎవరో ఎత్తుకుపోయారు.

ఈసారి అలా చేయలేదు. నేను ఇవ్వగలిగినదంతా, 7,500 రూపాయలు, ఒకేసారి వేసి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి ఫోన్ నాది. పడింది 6,400 మాత్రమే. ఎందుకంటే ఆ పద్ధతిలో మన పూర్తి మొత్తం కట్టక్కర్లేదు, రెండో మనిషి పాడినదానికి ఒక మెట్టు పైన కడితే చాలు. కాబట్టి చివర్లో దూకేవాడిని చూసి భయపడాల్సిన పని లేదు. వాడు మన అంకె దాటితే ఆ వస్తువు మనకి ఆ ధరకి వద్దనే అర్థం.

నాకు కోపం తెప్పించేది అది కాదు. అడుగు ఫోటో! అమ్మేవాళ్లు ముందునుంచి ఆరు ఫోటోలు పెడతారు, పూలకుండీ పక్కన ఒకటి, కిటికీ వెలుగులో ఒకటి. ఫోన్ తిరగేసి ఒక్క ఫోటో పెట్టరు. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. ఇదిగో, తిరగేస్తున్నాను. ఇక్కడ 332 అని ఉంది. అప్పట్లో బ్రిటన్‌లో టెలిఫోన్లు నడిపింది పోస్టాఫీసే, వాళ్ల 300 వరుసలో ఫోన్ ఇది. నార్వే చిత్రకారుడు జీన్ హైబర్గ్ 1930 ప్రాంతంలో ఎరిక్సన్ అనే టెలిఫోన్ కంపెనీ కోసం గీసిన ఆకారం నుంచి వచ్చిన వంశం. ఈ సొరుగు చూడండి, నంబర్ల కాగితం పెట్టుకోవడానికి. రిసీవర్ మీద 164 అని ఉంటుంది, పక్కన తయారుచేసిన కంపెనీ గుర్తు, సంవత్సరం రెండంకెల్లో. డయల్ వెనకా అలాగే. ఈ సంవత్సరాలు దగ్గరదగ్గరగా ఉంటే అన్నీ ఒకే ఫోన్‌వి అని నమ్మొచ్చు. ఒకటి 48, ఇంకొకటి 61 ఉంటే నాలుగు ఫోన్లు విప్పి ఒకటి చేశారేమో అని అడగాలి. చెడ్డదనను, ధర మాత్రం తగ్గాలి.

రంగు ఫోన్లలో ఇంకా జాగ్రత్త. ఈ నల్ల షెల్ బేక్‌లైట్ అనే తొలినాటి ప్లాస్టిక్, 1907లో లియో బేక్‌ల్యాండ్ కనిపెట్టింది. దాంతో నలుపు, గోధుమ లాంటి ముదురు రంగులే బాగా వస్తాయి. అందుకే ఐవరీ, ఆకుపచ్చ ఫోన్లు వేరే ప్లాస్టిక్‌తో చేశారు. అవి తక్కువ, ధర చాలా ఎక్కువ. ఇక మామూలు నల్ల ఫోన్‌కి రంగు కొట్టి "అరుదైన ఐవరీ బేక్‌లైట్" అని పెట్టేస్తారు. షెల్ లోపలి అంచు చూస్తే దొరికిపోతుంది, అక్కడ నలుపు అలాగే ఉంటుంది. అడుగు ఫోటో ఎందుకు పెట్టరో ఇప్పుడు అర్థమైందా? ఇంకో మాట. వందేళ్లు దాటిన వస్తువులు 1972 చట్టం కింద పురావస్తువుల లెక్కలోకి రావచ్చు. అలాంటివి మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు, కేంద్ర ప్రభుత్వం, లేదా అది అనుమతించిన సంస్థలే పంపాలి. విదేశీయులకు అమ్మాలనుకునేవాళ్లు ఇది చూసుకోండి.

సరే, డబ్బా. మా ఇంట్లో ఇప్పుడు ఫైబర్ లైన్. ఆ మోడెమ్‌కి పల్సులు అర్థం కావు, టోన్లు కావాలి. ఈ డబ్బా మధ్యలో కూర్చుని పల్సులు లెక్కపెట్టి టోన్‌గా మార్చి పంపుతుంది. ఆ పని బాగా చేస్తోంది. వారంలో వందకి పైగా కాల్స్ చేశాను, తప్పు నంబర్ రెండుసార్లే వెళ్లింది. గ్యాస్ బుకింగ్‌లో "ఒకటి నొక్కండి" అంటే డయల్‌తో ఒకటి తిప్పాను, తీసుకుంది! నాన్న నవ్వు చూడాలి అప్పుడు. స్టార్, హ్యాష్ మాత్రం లేవు. లైటు మరీ ఎక్కువ, రాత్రి గదంతా నీలంగా ఉంటోంది, టేప్ అంటించాను.

గంట విషయంలో డబ్బా ఏమీ చేయలేదు, పేజీలో ఆ మాట స్పష్టంగా రాయాల్సింది. పాత ఎక్స్ఛేంజ్ 75 వోల్టుల ఏసీ పంపి ఈ గంట కొట్టించేది. మా మోడెమ్ అంత బలంగా పంపదు, గంట "టిక్ టిక్" అని ఊరుకుంది. గంట గిన్నెల చిల్లు సరిగ్గా మధ్యలో ఉండదు. స్క్రూ వదులు చేసి గిన్నెను కొంచెం తిప్పితే గంట కొట్టే కర్రకి దగ్గరవుతుంది. నాన్న అరగంట తిప్పారు. ఇప్పుడు మోగుతోంది, వీధి దాకా వినిపిస్తోంది.

డబ్బాకి పదికి ఆరు. మీ లైన్‌కి పల్స్ పనిచేస్తే కొనకండి, ముందు తిప్పి చూడండి. ఫోన్‌కి పదికి పది ఇస్తాను. డయల్ కోసమే ఇస్తున్నాను, సొరుగు కొంచెం బిగిసినా పట్టించుకోను.

చాలామంది లింక్ పంపి అడిగిన ఆకుపచ్చ 332 పాట ఆదివారం రాత్రి ముగుస్తుంది. అడుగు ఫోటో కావాలని అమ్మేవారికి మూడుసార్లు రాశాను. ఈ ఉదయం పంపారు. షెల్ లోపలి అంచు నల్లగా ఉంది. నేను పాడటం లేదు.