చెల్లో మోగితే దీపానికి ఎలా తెలుస్తుంది?

[తెర మీద: చీకటి వేదిక. ఒక కుర్చీ, ఒక చెల్లో.]

నమస్తే. వేదిక మీద ఉన్నది ఒక్కరే, చేతిలో చెల్లో, అంటే కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం. కమాను తీగను తాకగానే చుట్టూ దీపాలు మెల్లగా వెలుగుతాయి. కమాను ఆగితే అవీ తగ్గుతాయి. లోపల ఎవరో స్విచ్‌లు నొక్కుతున్నారేమో అనుకుంటాం. కానీ ఆ దీపాలను నడిపేది చెల్లోయే.

సంగీతంతో పాటు కాంతినీ నడపాలన్న ఈ కోరిక పాతదే. 1910లో రష్యన్ సంగీతకర్త స్క్రియాబిన్ తన ‘ప్రొమిథియస్’ స్వరలిపిలో రంగుల కాంతికి ప్రత్యేకంగా ఒక వరుస రాశాడు. అయితే దాన్ని కూడా ఒక మనిషే కీబోర్డు మీద వాయించాలి. ఇప్పుడు ఆ మనిషి స్థానంలోకి కంప్యూటర్ వచ్చింది.

[తెర మీద: చెల్లో చెక్క మీద నాణెమంత మైక్.]

ఈ కాంటాక్ట్ మైక్ చెక్క అదురును నేరుగా పట్టుకుంటుంది. ఆ సంకేతం ల్యాప్‌టాప్‌లోని మాక్స్, ప్యూర్ డేటా లాంటి, శబ్దాన్ని అప్పటికప్పుడు మార్చే సాఫ్ట్‌వేర్‌కు చేరుతుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒక దారిలో శబ్దానికి ప్రతిధ్వని కలుస్తుంది, ఒకే తీగ పది తీగలవుతుంది, అదంతా హాలు చుట్టూ ఉన్న స్పీకర్లలోంచి వస్తుంది. రెండో దారిలో కంప్యూటర్ ఆ శబ్దం ఎంత గట్టిగా ఉంది, ఏ స్వరం అని కొలుస్తుంది. ఆ కొలతలు, వేదిక దీపాలకు ఆదేశాలు పంపే డీఎంఎక్స్512 అనే పద్ధతిలో దీపాలకు అందుతాయి. ఒక్క కేబుల్‌లో 512 చానెళ్లు, అంటే విడివిడి ఆదేశాల దారులు, ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా విలువ.

అసలు చిక్కు సమయంతోనే.

[తెర మీద: నెమ్మదిగా కదిలే తీగ.]

చెల్లోలో అన్నిటికంటే మందమైన తీగ సెకనుకు సుమారు 65 సార్లు కంపిస్తుంది. అంటే ఒక్క కంపనానికే 15 మిల్లీసెకన్లు. స్వరం ఏదో తేల్చడానికి మామూలుగా రెండు కంపనాలైనా కావాలి. అక్కడికే 30 అయిపోయాయి. ఆ పైన డీఎంఎక్స్ కూడా, 512 చానెళ్లూ వాడితే, సెకనుకు సుమారు 44 సార్లకు మించి కొత్త విలువలు పంపలేదు. స్వరం తెలిశాకే దీపం వెలగాలంటే, కిందిస్థాయిలో వాయించినప్పుడల్లా వెలుగు వెనకబడుతుంది.

గట్టిదనం మాత్రం చాలా త్వరగా తెలుస్తుంది. అందుకే వెలుగు ఎంత ఉండాలన్నది గట్టిదనానికి, రంగు ఏది ఉండాలన్నది స్వరానికి అప్పగిస్తే బాగుంటుంది. కమాను పడగానే వెలుగు వస్తుంది, రంగు దాని వెనకే నెమ్మదిగా ఊరుతుంది. ఆ ఆలస్యం అప్పుడు అందంగానే ఉంటుంది.

ఒక్కో స్వరానికి ఒక్కో మెరుపు చొప్పున కట్టేస్తే మాత్రం నాకు రెండు నిమిషాల్లో విసుగొస్తుంది. కళ్లకూ మంచిది కాదు. వేగంగా మినుకుమనే కాంతి కొందరికి మూర్ఛ తెప్పించగలదు, కాబట్టి ముందే హెచ్చరిక పెట్టాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది విరామం. వాయిద్యం ఆగింది, ప్రతిధ్వని ఇంకా ఉంది. దీపం దేన్ని అనుసరించాలి? చెల్లోనా, ప్రతిధ్వనినా? ప్రతిధ్వనిని అనుసరిస్తే, వాద్యకారుడి చెయ్యి ఒడిలోకి చేరాక కూడా గదిలో వెలుగు కాసేపు నిలుస్తుంది.

[తెర మీద: కదలని కమాను. నెమ్మదిగా చీకటి.]