గన్నవరంలో దిగే విమానం, డాబా మీద పచ్చ లేజర్

[రాత్రి. డాబా. వెనక నీళ్ల ట్యాంకు. దూరంగా ఆకాశంలో ఒక తెల్లటి వెలుగు మెల్లగా దగ్గరవుతోంది.]

నమస్తే అండి. ఇది గూడవల్లిలో మా చెల్లెలి ఇల్లు. ఇక్కడి నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టు ఐదారు కిలోమీటర్లు. చీకటి పడ్డాక డాబా ఎక్కితే దిగే విమానాలు కనిపిస్తాయి. అదిగో, అలా.

మొన్న దసరాకి వచ్చినప్పుడు మా మేనల్లుడి చేతిలో ఒక ఆకుపచ్చ లేజర్ లైటు ఉంది. ఎగ్జిబిషన్‌లో కొనిపించుకున్నాడు. పెన్నులా ఉంటుంది, జేబుకి తగిలించుకోవచ్చు. ముందు ట్యాంకు మీద కొట్టాడు, తర్వాత ఎదురింటి కొబ్బరిచెట్టు మీద, ఆ తర్వాత సెల్ టవర్ మీద. ఇంతలో విమానం వచ్చింది. "మామయ్యా, దాని మీద కొట్టనా? అందుతుందంటావా?" అన్నాడు.

"అంత దూరం ఎక్కడ అందుతుందిరా!" అన్నాను నేను.

వాడు కొట్టలేదు. కింద నుంచి వాళ్లమ్మ పులిహోరకి పిలిచింది, పరిగెత్తాడు. మంచి మేనమామలా నేను ఆపానని చెప్పుకుందామంటే కుదరదు. వాణ్ని ఆపింది పులిహోర. నేను చెప్పిన సమాధానమైతే శుద్ధ తప్పు. ఎందుకు తప్పో ఆ రాత్రి కూర్చుని చదివాను.

[పాత రోజుల సినిమా హాలు బొమ్మ. తెర మీద ఎర్ర చుక్క.]

నా వయసు వాళ్లకి లేజర్ అంటే తాళంచెవి గొలుసుకి వేలాడే ఎర్ర లైటు. విజయవాడ గాంధీనగర్ థియేటర్లలో హీరోయిన్ ముక్కు మీద ఎర్ర చుక్క పెట్టిన బ్యాచ్ మాది. వెనక నుంచి తిట్లు పడేవి, ఇంటర్వెల్‌కి సర్దుకునేది. లేజర్ అంటే అంతే అన్న లెక్క అప్పటి నుంచీ బుర్రలో ఉండిపోయింది.

ఇప్పటి ఆకుపచ్చ లైటు వేరే సంగతి. వెలుగు రంగుని దాని అల పొడవుతో, నానోమీటర్లలో చెబుతారు. మన కంటికి పగటి వెలుతురులో బాగా ఆనేది 555 నానోమీటర్ల దగ్గరి పచ్చదనం. చీకటికి అలవాటుపడిన కంటికి 507 దగ్గర. ఈ పెన్ను వెలుగు 532, అంటే సరిగ్గా ఆ రెండింటి మధ్య. అదే పవరున్న 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కంటే ఇది మన కంటికి దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువగా మెరుస్తుంది.

[లేజర్ వెలిగించి, గోడ వైపు తిప్పి.]

ఇక అసలు విషయం, "అందుతుందా?" అన్న ప్రశ్న. ఈ లైటు ఆకాశంలోకి వేస్తే పచ్చటి కర్రలా ఒక గీత కనిపిస్తుంది. ఆ కర్ర కొంత ఎత్తుకి వెళ్లి ఆగిపోయినట్టు ఉంటుంది. నేను మోసపోయింది అక్కడే. విజయవాడ జంక్షన్‌లో ప్లాట్‌ఫాం చివర నిలబడి చూడండి, పట్టాలు రెండూ దూరంగా కలిసిపోయినట్టుంటాయి. అవి కలవవు, మన చూపుకి అలా అనిపిస్తాయంతే. లేజర్ కర్ర కూడా అలాంటిదే. గాలిలోని అణువులకీ దుమ్ముకీ తగిలి మన వైపు చెదిరిన కాస్త వెలుగునే మనం గీతగా చూస్తాం. ఎంత పొడుగు గీతైనా దూరం పెరిగేకొద్దీ మన చూపుకి ఒకే బిందువు దగ్గర కుదించుకుపోతుంది. అక్కడ ఆగిందనుకుంటాం. అది ఆగదు, పోతూనే ఉంటుంది.

పోతూ పోతూ వెడల్పవుతుంది కూడా. ఇలాంటి పెన్ను లేజర్‌ని పాయింటర్ అంటారు. మామూలు పాయింటర్ వెలుగు కిలోమీటరు దూరానికి దాదాపు మీటరు వెడల్పు పరుచుకుంటుంది, మూడు కిలోమీటర్లకి మూడు మీటర్లు. గోడ మీద మినపగింజంత ఉన్న చుక్క అక్కడికి వెళ్లేసరికి మంచం దుప్పటంత అవుతుంది. "అంత చిన్న చుక్క పైలట్ కంట్లోనే ఎలా పడుతుందండీ, గురి కుదరొద్దూ?" అని మా బావగారు అడిగారు. గురి అక్కర్లేదు బావగారూ, దుప్పటి కప్పడానికి గురెందుకు? పైగా చెయ్యి వణుకుతుంది కాబట్టి ఆ వెలుగు విమానం అద్దం మీద స్థిరంగా ఉండదు. ఫొటో ఫ్లాష్ మళ్లీ మళ్లీ కొట్టినట్టు వచ్చి పోతుంటుంది.

[తెర మీద నాలుగు గీతలు: 16 మీ., 80 మీ., 350 మీ., 3.5 కి.మీ.]

ఈ అంకెల దగ్గర కాస్త ఓపిక పట్టండి. 5 మిల్లీవాట్ల పచ్చ పాయింటర్ తీసుకుందాం, అంటే కాస్త బుద్ధిమంతుడైన పాయింటర్. మిల్లీవాట్ అంటే వాట్‌లో వెయ్యో వంతు. దాదాపు 16 మీటర్ల లోపు అది నేరుగా కంటిలో పడితే కంటికే దెబ్బ తగలొచ్చు. దాదాపు 80 మీటర్ల దాకా చూపు కాసేపు పూర్తిగా చెదిరిపోతుంది, కెమెరా ఫ్లాష్ తర్వాత కళ్ల ముందు మచ్చ తిరుగుతుందే, అలా. దాదాపు 350 మీటర్ల దాకా ఆ వెలుగు వెనక ఏముందో కనపడదు. ఇక మూడున్నర కిలోమీటర్ల దాకా పైలట్ దృష్టి మరల్చడానికి సరిపోతుంది. పవర్ వంద రెట్లు పెరిగితే ఈ దూరాలన్నీ పది రెట్లవుతాయి. అర వాట్ లేజర్ అయితే 350 మీటర్లు అన్నచోట మూడున్నర కిలోమీటర్లు రాసుకోండి.

ఇప్పుడు విమానం లెక్క. దిగేటప్పుడు అది మామూలుగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వేకి 5 కిలోమీటర్ల దూరంలో ఉండగా దాని ఎత్తు దాదాపు 260 మీటర్లు. కిలోమీటరు దూరంలో 52 మీటర్లు. పెద్ద జెట్ విమానం ఆ సమయంలో గంటకి 260 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుందాం, అంటే సెకనుకి 72 మీటర్లు. ఆ ఐదు కిలోమీటర్లూ 70 సెకన్లలో అయిపోతాయి. మనకి ఆకాశంలో ఎక్కడో ఉన్నట్టు కనిపించే విమానం నిజానికి దగ్గర్లోనే ఉంది. పైలట్‌కి చేతినిండా పనుండే సమయం కూడా అదే.

ఏలూరు వైపు నుంచి హైవే మీద రాత్రిపూట బండి మీద వచ్చినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎదురుగా లారీవాడు డిప్పర్ కొట్టకుండా ఫుల్ లైటు వేసుకుని వస్తాడు. రెండు సెకన్లు మన ముందు రోడ్డు ఉండదు. గుర్తున్న దారిని నమ్ముకుని పోతాం. బండి 60లో ఉంటే ఆ రెండు సెకన్లలో 33 మీటర్లు గుడ్డిగా వెళ్లాం. విమానం 144 మీటర్లు వెళ్తుంది. అదీ కిందికి దిగుతూ, వెనక అంతమంది ప్రయాణికులతో.

[కాక్‌పిట్ బొమ్మ. చీకటి. అద్దం మొత్తం ఒక్కసారి పచ్చగా అవుతుంది.]

కాక్‌పిట్ లోపల ఇంకో తంటా ఉంది. రాత్రిపూట పైలట్లు లోపలి లైట్లు బాగా తగ్గించి కూర్చుంటారు, బయటి దీపాలు స్పష్టంగా కనపడాలని. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటు పాడవడానికి ఒక్క మెరుపు చాలు. ఇక ముందున్న అద్దం పొరలు పొరలుగా మందంగా ఉంటుంది, దాని మీద కంటికి ఆనని గీతలూ దుమ్మూ ఉంటాయి. వైపర్ అరిగిన బస్సు అద్దం మీద ఎదుటి లైటు పడితే అద్దమంతా తెల్లబడుతుందే, అలా ఇక్కడ అద్దమంతా పచ్చబడుతుంది.

ఇంతా చేసి, నేల మీంచి కొట్టిన పాయింటర్ వల్ల పైలట్ చూపు శాశ్వతంగా పోయిన సందర్భాలు చాలా అరుదు. "లేజర్ కొడితే పైలట్ గుడ్డివాడైపోతాడు" అని వాట్సాప్‌లో తిరిగేది అతి. పోయేది కన్ను కాదు, ఆ కొన్ని సెకన్లు. నాకైతే అతి కంటే ఈ నిజమే ఎక్కువ భయంగా అనిపించింది.

లేజర్ పడగానే పైలట్ ఏం చేస్తాడు? వెలుగు వచ్చిన వైపు చూడడు. కళ్లు నలుపుకోడు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, లోపలి లైట్లు పెంచుతాడు, పక్కనున్న పైలట్ కళ్లు బాగుంటే విమానాన్ని అతనికి అప్పగిస్తాడు. నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే ఏటీసీకి చెబుతాడు, వాళ్లు వెనక వచ్చే విమానాలకి చెబుతారు. దిగడం క్షేమం కాదనిపిస్తే మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి వస్తాడు, దాన్ని గో అరౌండ్ అంటారు. మరి హెలికాప్టర్లో? చాలాసార్లు పైలట్ ఒక్కడే ఉంటాడు, పక్కన అప్పగించడానికి ఎవరూ ఉండరు. అది ఎగిరేది తక్కువ ఎత్తులో, ముందంతా అద్దమే. అమరావతి, తాడేపల్లి మీదుగా హెలికాప్టర్లు తిరగడం మనం చూస్తూనే ఉంటాం కదా.

"పైలట్లకి నల్ల కళ్లజోడు ఇస్తే సరిపోదా?" నాకూ ఈ ఆలోచన వచ్చింది, తెలివైనదనీ అనుకున్నాను. కానీ రన్‌వే మొదలయ్యే చోట వరసగా ఉండే దీపాలు ఆకుపచ్చవి, చివర ఉండేవి ఎర్రవి. పక్కన నాలుగు దీపాల వరస ఒకటి ఉంటుంది: రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే వాలు సరిగ్గా ఉన్నట్టు, నాలుగూ ఎర్రబడితే మరీ కిందికి వచ్చేసినట్టు. పచ్చ లేజర్‌ని ఆపే కళ్లజోడు పెడితే రన్‌వే మొదలు చూపించే పచ్చ దీపాలు కూడా మసకబారతాయి. నల్ల కళ్లజోడైతే అన్నీ మసకే.

[పెన్ను మీది స్టిక్కర్ దగ్గరగా.]

ఈ స్టిక్కర్ మీద 5 మిల్లీవాట్లు అని ఉంది. నమ్మొచ్చా? అమెరికాలో కొలతల ప్రమాణాలు చూసే ఎన్‌ఐఎస్‌టీ అనే ప్రభుత్వ సంస్థ 122 పాయింటర్లు పరీక్షించి 2013లో ఫలితం చెప్పింది. పచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం భద్రతా నిబంధనలకి లోబడి లేవు. అదే సంస్థ 2010లో ఇంకో సంగతి బయటపెట్టింది. పచ్చ పాయింటర్ లోపల నిజానికి కంటికి కనపడని పరారుణ వెలుగు పుడుతుంది, స్ఫటికాలు దాన్ని పచ్చగా మారుస్తాయి. మారకుండా మిగిలిన వెలుగుని ఆపడానికి చిన్న ఫిల్టరు ఉండాలి. చవక రకాల్లో కొన్నిటికి అది పెట్టరు. కనపడని వెలుగు కాబట్టి కంట్లో పడ్డా రెప్ప వాలదు. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేచోట "అటు చూడొద్దు" అని పిల్లల తల తిప్పేస్తాం కదా, దీనికీ ఆ జాగ్రత్తే కావాలి. ఇందాక చెప్పిన 16 మీటర్లు గుర్తుందా? మన హాలు అంత పొడుగు ఉండదు. పైలట్ సంగతి తర్వాత, ముందు ఇంట్లోవాళ్ల కంట్లో కొడతాడు మా మేనల్లుడు.

ఆకాశంలోకి పోయేవి పిల్లల పెన్నులే కాదు. నిమజ్జనం ఊరేగింపుల్లో డీజే బండి మీద ఉండే లేజర్ యంత్రాలు వీటికి పెద్దన్నలు. జనం తలల మీదుగా పోవాలని వాటిని పైకి తిప్పుతారు, పైనెవరున్నారో చూసేవాళ్లుండరు.

చట్టం మాట. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 66వ నిబంధన విమానాశ్రయాల దగ్గర పైలట్‌ని తప్పుదారి పట్టించే వెలుగుల గురించి. 2023 అక్టోబరులో దాన్ని సవరించి లేజర్ లైటు, గాల్లోకి వదిలే లాంతర్లు, కోరిక కోరుకుని ఎగరేసే విష్ కైట్లు కూడా అందులోకి వస్తాయని స్పష్టంగా రాశారు. పరిధిని 5 కిలోమీటర్ల నుంచి 5 నాటికల్ మైళ్లకి పెంచారు, అంటే 9.26 కిలోమీటర్లు. ఎవరు వేస్తున్నారో తెలియకపోతే, లేదా చోటు మారుస్తుంటే, ఎయిర్‌పోర్టు వాళ్లో విమానసంస్థో వెంటనే పోలీసులకి చెప్పాలి.

[మ్యాప్. గన్నవరం చుట్టూ వలయం.]

గన్నవరం రన్‌వే చుట్టూ ఆ వలయం గీస్తే కేసరపల్లి, బుద్ధవరం, మేమున్న ఈ గూడవల్లి లోపలే. విజయవాడలోని బెంజి సర్కిల్ బయట పడుతుంది. అలాగని బెంజి సర్కిల్లో కొట్టుకోండని కాదు. గీత మ్యాప్ మీద ఉంది, వెలుగుకి తెలియదు.

అమెరికాలో 2012 నుంచి ఇది ఫెడరల్ నేరం. ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. అయినా 2023 ఒక్క ఏడాదిలో అక్కడి పైలట్లు చేసిన ఫిర్యాదులు 13,304. ఇంత పెద్ద శిక్ష ఉన్నచోటే ఇన్ని. అంటే చాలామందికి నాలాగే "ఎక్కడ అందుతుందిలే" అన్న నమ్మకమే ఉండి ఉంటుందని నా అనుమానం. దూరం ఎందుకు, 2025లో చెన్నైలో దిగే విమానాల మీద లేజర్ పడిందని మన పేపర్లలోనూ వచ్చింది.

మీ వీధిలో ఎవరైనా పిల్లలు విమానం వైపు కొడుతుంటే ముందు పలకరించి చెప్పండి, చాలావరకు అక్కడితో ఆగుతుంది. పెద్దవాళ్లు కావాలని చేస్తుంటే 112కి ఫోన్ చేసి ఏ వీధి, ఎన్ని గంటలకి, ఏ వైపు అన్నది చెప్పండి. దొరకరనుకుంటారు గానీ, ఆ గీతకి రెండో కొస వాళ్ల చేతిలోనే ఉంటుంది. పైనుంచి చూసేవాళ్లకి ఏ డాబానో తెలిసిపోతుంది.

[డాబా. మేనల్లుడు పక్కన కూర్చుని ఉన్నాడు.]

ఇదంతా మా వాడికి చెప్పాను. పట్టాల సంగతి నచ్చింది. అంకెల దగ్గర ఆవలించాడు. చివర్లో, "మరి చుక్కల మీద కొట్టొచ్చా మామయ్యా?" అన్నాడు. మంచి ప్రశ్నే. నక్షత్రాలు చూపించేవాళ్లు ఈ పచ్చ లేజర్లే వాడతారు. ఆ కర్ర చుక్క దగ్గర ఆగినట్టు కనిపిస్తుంది కాబట్టే అది పనికొస్తుంది. కానీ ఇది గూడవల్లి. చుక్కా విమానం లైటూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. ఇందాక మొదట్లో నేను చూపించిన తెల్లటి వెలుగుని కాసేపు వాడు శుక్రుడనుకున్నాడు.

పెన్ను తిరిగి వాడికే ఇచ్చేశాను. అందులోని రెండు సన్న పెన్సిల్ సెల్స్ మాత్రం తీసి టీవీ రిమోట్‌లో వేశాను. నెల నుంచి వెనక రెండు దెబ్బలు కొడితే గానీ పనిచేయని రిమోట్ అది. మా చెల్లెలు చాలా సంతోషించింది.