ఆరు గంటల స్థానం: నైజర్ డెల్టాలో చమురు ఉద్యోగం

మేనకోడలు: అందరికీ నమస్కారం. నైజీరియాలో నైజర్ నది డెల్టాలో ఉన్న పోర్ట్ హార్‌కోర్ట్‌లో పైపులైన్ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం వచ్చిన ఒక శ్రోత ఈ వారం మనకు ఉత్తరం రాశారు. 28 రోజులు పని, 28 రోజులు సెలవు, జీతం డాలర్లలో, ఉండడానికి కాంపౌండులో గది. వెళ్లవచ్చునా, వెళితే ఏమేమి చూసుకోవాలి, భార్యను వెంట తీసుకువెళ్లవచ్చునా అని ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. మామయ్య 2005 నుంచి 2010 వరకు అదే ఊళ్లో అదే పని చేశారు కాబట్టి ఈ ఉత్తరం ఆయన కోసమే వచ్చినట్టుంది. అప్పటి ఎర్ర డైరీ తెచ్చుకున్నారా?

మామయ్య: తెచ్చుకున్నానమ్మా. ఈసారి అందులో వర్షం గురించి రాసుకున్న పుటలు చదవను, మాట ఇచ్చాను కదా.

మేనకోడలు: సరే, ముందు భద్రత సంగతి చెప్పండి. ఉత్తరంలో సగం భయం దాని గురించే ఉంది.

మామయ్య: ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నేను వెళ్లిన మరుసటి సంవత్సరం, 2006 జనవరిలో, మెండ్ అనే సాయుధ సంస్థ సముద్రంలోని ఒక చమురు క్షేత్రం నుంచి నలుగురు విదేశీయులను ఎత్తుకుపోయింది. ఆ తర్వాత పట్నంలోని బార్ల నుంచి కూడా మనుషులను పట్టుకుపోవడం మొదలైంది. సాయంత్రం కాంపౌండు గేటు మూసేస్తే మరునాడు తెల్లవారి మోపోల్ పోలీసుల జీపు వచ్చేదాకా మేము బయట కాలు పెట్టేవాళ్లం కాదు. అక్కడివాళ్లు తెల్లవాళ్లను ఓయిబో అని పిలుస్తారు, మనమూ అందులోనే వస్తాం. 2009లో అధ్యక్షుడు యార్‌అదువా క్షమాభిక్ష ప్రకటించి, ఆయుధాలు అప్పగించినవారికి నెలకు అక్కడి కరెన్సీలో 65,000 నైరాల భత్యం ఏర్పాటు చేశాక కొంత నెమ్మదించింది. 2016లో అవెంజర్స్ అనే మరో సంస్థ ఫోర్కడోస్ దగ్గర సముద్రగర్భ పైపులైనును పేల్చింది. నదీపాయలలో అలజడి తగ్గినప్పుడు సముద్రంలో పెరిగింది. 2019 డిసెంబరులో ఒక్క నెలలోనే రెండు నౌకల నుంచి దాదాపు నలభై మంది భారతీయ నావికులను ఎత్తుకుపోయారు, వారిలో ఒకరు తిరిగి రాలేదు.

మేనకోడలు: అందుకే నేను మళ్లీ ఉద్యోగ ఒప్పందం దగ్గరికి వస్తున్నాను.

మామయ్య: వస్తావని తెలుసు తల్లీ. యాభై వారాలుగా ఒప్పందం దగ్గరికే వస్తున్నావు.

మేనకోడలు: వస్తూనే ఉంటాను. చాలా కంపెనీలు కిడ్నాపు బీమా తీసుకుంటాయి గాని ఆ సంగతి ఉద్యోగికి చెప్పవు. తెలిస్తే అపహరించేవాళ్లకు ఆశ పెరుగుతుందని దాన్ని రహస్యంగా ఉంచుతారు, అది బీమా షరతులలోనే ఉంటుంది. కాబట్టి బీమా ఉందా అని అడిగి లాభం లేదు. బందీగా ఉన్న రోజులకు జీతం నడుస్తుందా, ఇంటికి ఎవరు కబురు చేస్తారు, వైద్యం కోసం తరలించాల్సి వస్తే విమానం ఖర్చు ఎవరిది అని అడిగి, ఆ మూడు జవాబులూ కాగితం మీద రాయించుకోవాలి. అంతకంటే ముందు యజమాని పేరు చూడాలి. నియామక పత్రంలో కనిపించే పేరు తరచూ మనుషులను సరఫరా చేసే ఏజెన్సీది, పని చేసేది మరొకరి దగ్గర. ఇబ్బంది వచ్చిన రోజున ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు.

మామయ్య: జీతం సంగతి కూడా చెప్పు.

మేనకోడలు: మొత్తం డాలర్లలోనా, కొంత భాగం నైరాలలోనా అన్నది చూసుకోవాలి. 2023 జూన్‌లో నైరా మారకపు రేటును మార్కెట్టుకు వదిలేశాక డాలరు 460 నైరాల దగ్గర నుంచి మరుసటి ఏటికి దాదాపు 1,500కు వెళ్లింది. నైరాలలో జీతం రాయించుకున్నవారి ఇళ్లలో ఏమి జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇక ఆ ఉద్యోగం ఎన్నాళ్లు ఉంటుందన్నది కూడా చట్టంలోనే ఉంది. విదేశీయుడి కింద ఒక నైజీరియా ఉద్యోగిని పెట్టి, గరిష్ఠంగా నాలుగేళ్లలో ఆ పని నేర్పి అప్పగించాలని 2010 నాటి స్థానిక భాగస్వామ్య చట్టం చెబుతుంది. అది న్యాయమే. వెళ్లేవారు నేర్పడానికి వెళుతున్నామని తెలుసుకొని వెళ్లాలి.

మామయ్య: నా దగ్గర నేర్చుకున్న కుర్రవాడు ఇప్పుడు నాకంటే మంచి ఇన్‌స్పెక్టరు. అతడికి ఉప్పునీటి పాయలు పుట్టినప్పటి నుంచి తెలుసు, నాకు గేజి మాత్రమే తెలుసు. సరే, ఈ శ్రోత పని సముద్రంలోనా, నేలమీదనా?

మేనకోడలు: నేలమీద పాత పైపులైన్లు అని రాశారు.

మామయ్య: అలాగైతే సంగతి వేరు. చాలా విదేశీ కంపెనీలు ఈమధ్య నేలమీది ఆస్తులు అమ్ముకొని లోతు సముద్రానికి వెళ్లిపోయాయి. షెల్ తన నేలమీది వ్యాపారాన్ని రినైసాన్స్ అనే కూటమికి అప్పగించడం 2025 మార్చిలో పూర్తయింది. ఈ డెల్టాలోని ఒలోయిబిరిలో చమురు పడింది 1956లో, చమురుతో మొదటి ఓడ బయలుదేరింది 1958లో. ఆ పైపులు చాలావరకు దశాబ్దాల నాటివి. కాకపోతే అక్కడ జరిగే లీకులలో ఎక్కువ భాగం దొంగల పనే. రాత్రిపూట వచ్చి పైపుకు కన్నం వేసి, కవాటం బిగించి, పడవలకు నింపుకుపోతారు.

మేనకోడలు: మామయ్యా, ఆ ఎక్కువ భాగం అన్న మాట మీకు ఎవరు చెప్పారు?

మామయ్య: ఎవరో చెప్పనక్కరలేదు, నేను చూశాను.

మేనకోడలు: మీరు చూసినవి కొన్ని. మిగతావి నివేదికలలో చదివారు. లీకు అయిన చోటికి ఉమ్మడి పరిశీలన బృందం వెళుతుంది, అందులో కంపెనీవాళ్లు, ప్రభుత్వ సంస్థవాళ్లు, గ్రామ ప్రతినిధులు ఉంటారు. పడవ ఎవరిది, పరికరం ఎవరిది, దాన్ని చదవగలిగిన మనిషి ఎవరి జీతగాడు? మూడింటికీ జవాబు కంపెనీయే. ఆ బృందం కారణం అన్న గడిలో రాసే ఒక్క మాట మీద గ్రామం బతుకు ఆధారపడి ఉంటుంది. పైపు పాడై కారితే నష్టపరిహారం ఇవ్వాలి, బయటివారి దుశ్చర్య వల్ల కారితే ఇవ్వనక్కరలేదని అక్కడి పైపులైన్ల చట్టం చెబుతుంది. అలాంటప్పుడు ఆ గడిలో దొంగల పని అనే ఎక్కువగా ఉండడంలో ఆశ్చర్యం ఏముంది?

మామయ్య: అంటే దొంగతనాలే లేవంటావా? పోర్ట్ హార్‌కోర్ట్ ఆకాశంలోంచి మసి కురవడం 2016 నుంచి జనం చూస్తున్నారు. నాటు బట్టీలలో ముడి చమురు మరిగిస్తున్నారు కాబట్టే అది కురుస్తోంది. 2022 ఏప్రిల్‌లో ఇమో రాష్ట్రంలో అలాంటి బట్టీ పేలి వందమందికి పైగా కాలిపోయారు. వాళ్లంతా పేదవాళ్లే, నాకూ తెలుసు. కానీ పైపుకు కన్నం పడ్డ మాట నిజం.

మేనకోడలు: నిజమే. ఒక చోట నిజమైనది ప్రతిచోటా నిజమని రాయడం గురించే నా పోరు. బోడో అనే ఊరి సంగతి తీసుకోండి. 2008లో, మీరు అక్కడ ఉన్నప్పుడే, రెండు లీకులు అయ్యాయి. అవి తుప్పుపట్టి, వెల్డు చెడి కారినవేనని షెల్ కంపెనీయే ఒప్పుకుంది. ఎంత కారిందన్న దగ్గర మాత్రం చాలా తక్కువ చూపించిందని తర్వాత లండన్ కోర్టు కేసులో బయటపడింది. 2015లో 15,600 మంది జాలర్లకు, వారి గ్రామానికి కలిపి 5.5 కోట్ల పౌండ్లు ఇచ్చారు. షెల్ మీద గోయి, ఒరుమా గ్రామాలవాళ్లు వేసిన కేసులో నెదర్లాండ్స్‌లోని హేగ్ అప్పీలు కోర్టు 2021 జనవరిలో ఏమన్నది? దొంగల పని అని చెప్పుకునే కంపెనీ దాన్ని సందేహానికి తావులేకుండా రుజువు చేయాలి, ఇక్కడ చేయలేకపోయింది అన్నది. పదహారేళ్లుగా నివేదికలు ఒక మాట చెబితే కోర్టు మరో మాట చెప్పింది.

మామయ్య: అదే కేసులో ఇకోట్ అదా ఊడో దగ్గర విద్రోహమేనని ఆ కోర్టే అంగీకరించింది, అది కూడా చెప్పు.

మేనకోడలు: చెబుతాను. ఆ ఒక్కచోట రుజువు ఉంది కాబట్టి అంగీకరించింది. నేను అడుగుతున్నది ఆ రుజువే.

మామయ్య: రుజువు పైపు మీదే ఉంటుంది. విను, ఇది శ్రోతకు కూడా పనికివస్తుంది. పైపును అడ్డంగా కోసి గడియారం ముఖంలా చూడాలి, పైభాగం పన్నెండు, అడుగుభాగం ఆరు. చమురుతోపాటు వచ్చే నీరు బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది, లోపలి తుప్పు ఆరు గంటల స్థానంలోనే ఎక్కువగా తింటుంది. కన్నం వేసేవాడు పైపు అడుగుకు పోయి కష్టపడడు, చేతికందే పైభాగంలో వేస్తాడు. రంపపు కోతకు అంచులు సమంగా, మెరుస్తూ ఉంటాయి. తుప్పు కన్నానికి అంచులు కాగితంలా పలచబడి, లోపలికి గుంటలు పడి ఉంటాయి. మందం కొలిచే పరికరపు ప్రోబుకు జెల్ రాసి, పైపు చుట్టూ ఒక్కొక్క గంట దగ్గర పెట్టి మందం చదివితే చాలు, పైపే చెబుతుంది.

మేనకోడలు: పైపు చెప్పినదే ప్రతిసారీ కాగితం మీదికి ఎక్కిందా?

మామయ్య: …

మేనకోడలు: మామయ్యా, ఇబ్బంది అయితే ఇక్కడ ఆపుదాం.

మామయ్య: ఆపవద్దు. 2009లో ఒక రోజు సంగతి చెబుతాను, ఊరి పేరు చెప్పను, నేను పనిచేసిన గుత్తేదారు సంస్థ పేరూ చెప్పను. పోటు తగ్గాక మడచెట్ల వేళ్లు నడుము దాకా నల్లగా తేలాయి. ఒక ఆడమనిషి బుట్టలో ఉప్పుటేటి నత్తలు పెట్టుకొని ఒడ్డున నిలబడి ఉంది. బుట్ట కిందకి దించలేదు, ఏమీ అనలేదు, నేను ప్రోబు పెట్టిన ప్రతిచోటికీ ఆవిడ చూపు వచ్చింది. నత్తల గుల్లలు కూడా నల్లగా జిగురుగా ఉన్నాయి. పైపు మీద, పన్నెండు గంటల దగ్గర, పాత రంపపు గీతలు రెండున్నాయి. లోపలికి దిగలేదు, గీతలే. చమురు వస్తున్నది మాత్రం అడుగు నుంచి. డైరీలో ఉంది, చదువుతాను. పన్నెండు దగ్గర 9.1 మిల్లీమీటర్లు, మూడు దగ్గర 8.6, ఆరు దగ్గర 3.4. కొత్త పైపు గోడ 9.5 ఉండాలి.

మేనకోడలు: నివేదికలో ఏమి రాశారు?

మామయ్య: మా పర్యవేక్షకుడు రంపపు గీతలకు నాలుగు ఫోటోలు తీయించి, కారణం గడిలో బయటివారి జోక్యం అని రాశాడు. నా కొలతలు అనుబంధంలో పెడతామన్నారు. గ్రామ ప్రతినిధి సంతకం పెట్టనని వెళ్లిపోయాడు. నేను పెట్టాను. ఆ గ్రామానికి ఏమీ రాలేదని ఆ తర్వాత నా దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాడే చెప్పాడు. నన్ను నిందిస్తూ చెప్పలేదు, కబురు చెప్పినట్టు చెప్పాడు.

మేనకోడలు: ఎందుకు పెట్టారని నేను అడగకూడదేమో.

మామయ్య: అడగాలి. ఆ దేశంలో ఉండడానికి విదేశీయులకిచ్చే సెర్పాక్ కార్డు నాకు సంస్థ కోటా మీద వచ్చింది. వారు వద్దనుకుంటే నాకు ఉద్యోగంతోపాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోతుంది. ఆ లెక్క నేను పడవలోనే, రెండు నిమిషాలలో, వేసుకున్నాను. ఆవిడ బుట్ట లెక్క వేయలేదు.

మేనకోడలు: ఇన్ని వారాలుగా యజమాని పేరు, యజమాని పేరు అని నేను అంటున్నది ఇదే. తుపాకీ సంగతి అందరూ అడుగుతారు. మనిషిని పట్టి ఉంచే కాగితం సంగతి ఎవరూ అడగరు.

మామయ్య: 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ డెల్టాలోని ఒగోనీ ప్రాంతం మీద నివేదిక ఇచ్చింది. నేను తిరిగి వచ్చేసిన మరుసటి సంవత్సరం అది. నిసిసియోకెన్ ఒగాలేలో జనం తాగే బావి నీళ్లలో క్యాన్సరు తెచ్చే బెంజీను అనుమతించిన హద్దుకు 900 రెట్లకు పైగా ఉందని, ఆ ప్రాంతమంతా శుభ్రం కావడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని అందులో ఉంది. మా కాంపౌండులో లోతైన బోరు, శుద్ధి యంత్రం ఉండేవి. ఐదేళ్లు నేను ఆ నీళ్లే తాగాను. ఆ కాలుష్యం మీద పోరాడిన ఒగోనీ రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిదిమందిని 1995 నవంబరు 10న ఉరితీసినది కూడా పోర్ట్ హార్‌కోర్ట్ జైలులోనే, ఆ రోడ్డు మీదుగా మా జీపు ఎన్నోసార్లు వెళ్లింది. అప్పటికి నాకు ఆ పేరు మాత్రమే తెలుసు.

మేనకోడలు: ఈ శ్రోతను వద్దంటారా?

మామయ్య: వద్దనను. చదవడం తెలిసిన మనిషి అక్కడ లేకపోతే ఆ పైపు ఏమి చెబుతోందో ఎవరికీ వినిపించదు. కానీ చేరకముందే ఒక సంగతి అడగాలి, ఇన్‌స్పెక్టరు కొలతలు ఎవరి బల్ల మీదికి వెళతాయి? లీకుకు బాధ్యత పడే మేనేజరు బల్ల మీదికే అయితే జీతం ఎంతయినా నేను రెండోసారి ఆలోచించమంటాను. చేరిన తరువాత కొలతలు చదివేటప్పుడు పైకి చదవాలి, గ్రామప్రతినిధి ఫోనులో తెరను ఫోటో తీసుకుంటానంటే తీసుకోనివ్వాలి. ఆరు గంటల దగ్గర కొలవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.

మేనకోడలు: ఆయన మూడో ప్రశ్న, భార్యను తీసుకువెళ్లడం గురించి, అలాగే ఉండిపోయింది.

మామయ్య: రొటేషన్ ఉద్యోగాలలో కుటుంబానికి వసతి ఉండదు. 28 రోజులకు ఒకసారి ఇంటికే వస్తాడు కాబట్టి తీసుకువెళ్లకపోవడమే మంచిది. ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేకుండా బయలుదేరకూడదు. మలేరియా మాత్రలు సెలవులో ఇంటికి వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. నాకు జ్వరం వచ్చినది ఇంటికి వచ్చిన పదకొండో రోజున, అది మామూలు జ్వరమనుకొని…

మేనకోడలు: అది వర్షం పుటలోనే ఉంది మామయ్యా. ఆ శ్రోత ఫోన్ నంబరు ఉత్తరం చివర ఉంది. రేపు మీరే మాట్లాడతారా?

మామయ్య: ఇప్పుడే చేస్తాను, ఆయన సంతకం పెట్టాల్సింది ఈ శుక్రవారం. ఆ డైరీ ఇలా ఇవ్వు.