మైనస్ 12 మీటర్ల స్థలం

మొన్న పెళ్లి భోజనాల్లో మా బాబాయి కొడుకు నా పక్కనే కూర్చుని, "అన్నా, వార్మ్‌హోల్ సాధ్యమేనని లెక్కల్లో ప్రూవ్ అయిపోయిందట కదా!" అన్నాడు. వార్మ్‌హోల్ అంటే అంతరిక్షంలో దూరంగా ఉన్న రెండు చోట్లను కలిపే సొరంగం లాంటి అడ్డదారి. పప్పు దగ్గర మొదలైన వాదన పెరుగు దాకా సాగింది. తేలలేదు. అందుకే ఈ వీడియో.

(బోర్డు మీద దీర్ఘచతురస్రం)

పదో తరగతి లెక్క. ఓ స్థలం. వెడల్పు కంటే పొడవు 4 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 96 చదరపు మీటర్లు. వెడల్పు ఎంత? రెండు జవాబులొస్తాయి: 8, మైనస్ 12. వేసి చూసుకోండి, సమీకరణానికి రెండూ సరిపోతాయి. మరి మనం ఏం రాసేవాళ్లం? "వెడల్పు రుణాత్మకం కాదు కాబట్టి x = 8." ఆ ముక్క రాయకపోతే మా మాస్టారు అర మార్కు కోసేవారు. ఆ "కాబట్టి" ఎక్కడిది? సమీకరణం చెప్పలేదు. టేపు పట్టి స్థలం కొలిచినవాడు చెప్పాడు.

అయితే మైనస్ వస్తే కొట్టేయడమే అనుకోకండి. 1928లో పాల్ డిరాక్ అనే భౌతిక శాస్త్రవేత్త ఎలక్ట్రాన్‌కి సమీకరణం రాస్తే, మైనస్ శక్తి ఉన్న జవాబులూ వచ్చాయి. ఆయన కొట్టేయలేదు. ముందు ప్రోటానేమో అనుకున్నాడు, కుదరలేదు. 1931లో, ఇది ఇంకా ఎవరూ చూడని కణం అన్నాడు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్ క్లౌడ్ చాంబర్ ఫొటో తీశాడు. కణాలు వెళ్లిన దారి ఆవిరిలో గీతలుగా కనిపించే పెట్టె అది; చుట్టూ ఉన్న అయస్కాంతం ఆ దారిని వంచుతుంది.

(ఫొటో)

ఈ అడ్డపట్టీ సీసం పలక. దాన్ని దాటిన సన్నటి గీత చూడండి. దాటాక ఇంకా వంగింది, అంటే వేగం తగ్గింది. ఎటు నుంచి ఎటు వెళ్లిందో అలా తెలిసింది. అంతా ఎలక్ట్రాన్ లాగే, వంగింది మాత్రం ఎదురువైపు, అంటే ఛార్జి ప్లస్. పాజిట్రాన్! తమాషా ఏంటంటే, ఆండర్సన్ డిరాక్ కణం కోసం వెతకనే లేదు. మైనస్ 12 మీటర్ల స్థలం పక్క వీధిలో కాలికి తగిలినట్టన్నమాట.

సరే, ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే కథ. యురేనస్ దారి తప్పుతుంటే లెక్కగట్టి, ఫలానా చోట గ్రహముంది చూడమన్నాడు. 1846లో బెర్లిన్‌లో గాలే అనే ఖగోళ శాస్త్రవేత్త, ఉత్తరం అందిన రాత్రే చూశాడు. ఒక్క డిగ్రీ కూడా తేడా లేదు, నెప్ట్యూన్! 1859లో బుధుడి దారి కూడా తేడాగా ఉందని, అక్కడా ఏదో ఉందన్నాడు. అదే మనిషి, అదే తరహా లెక్క. వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. ఏమీ లేదక్కడ. గుణకారాల్లో తప్పు లేదండీ, మొదట నమ్ముకున్న న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రమే సూర్యుడికి అంత దగ్గర చాలలేదు. 1915లో ఐన్‌స్టీన్ సరిచేశాడు.

టైమైపోతోంది, వార్మ్‌హోల్ గబగబా. 1935: ఐన్‌స్టీన్ సమీకరణాల్లో వంతెన లాంటి జవాబు ఉందని ఐన్‌స్టీన్, రోజెన్. 1962: కాంతి దాటేలోపే అది తెగిపోతుందని ఫుల్లర్, వీలర్. 1988: తెరిచి ఉంచాలంటే రుణాత్మక శక్తి కావాలని మోరిస్, థోర్న్. చూశారా, మళ్లీ మైనస్ 12!

అంత సరుకు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే మా తమ్ముడికి చెప్పండి. రిజిస్ట్రేషన్ ఖర్చులు నేనే పెట్టుకుంటా.