జ్వరం వచ్చిన రాత్రి

అందరికీ నమస్కారం.

ఏడాది కిందట ఇదే నెలలో హైదరాబాద్‌లో నాకు రొమ్ము క్యాన్సర్‌కి మొదటి కీమో ఎక్కించారు. ఖమ్మం నుంచి తెల్లవారుజామున కారులో బయల్దేరాం. దారి పొడుగునా ఎంత టెన్షన్ పడ్డానో పక్కనే ఉన్న మావారికి చెప్పలేదు. ఇవాళ ఆ చెప్పకపోవడం గురించే మాట్లాడతాను.

నేను 22 ఏళ్లుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. ఒక కణం రెండెలా అవుతుందో, ఆ విభజన అదుపు తప్పితే ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చూపించేదాన్ని. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ అనే మందుని క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడుతున్నారని పిల్లలకు గర్వంగా చెప్పేదాన్ని. అలాంటి నేను, ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలాక నాలుగు నెలలు నోరు విప్పలేదు. నొప్పి లేదుగా అని సరిపెట్టుకున్నాను. నొప్పి లేనంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదని నాకు తెలుసు. కానీ అమ్మాయికి ఇంటర్ పరీక్షలు, మామయ్యగారికి కంటి ఆపరేషన్. ఇప్పుడు అందరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకు అనుకున్నాను. ఆ మాట ఇంట్లో మగవాళ్ల ముందు అనడానికి సిగ్గు కూడా ఉంది. అది ఒప్పుకోవాలి.

ముందు ఆపరేషన్, తర్వాత కీమో. మొదటి నాలుగు డోసులు 21 రోజులకొకటి. అందులో డాక్సోరుబిసిన్ అనే మందు చూడ్డానికి ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. మూడో వారానికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనలోకి వచ్చేసింది. నోరు పూసింది. ఏం తిన్నా ఇనుము నాకినట్టుండేది. పెరుగన్నం ఒక్కటే గొంతు దిగేది. అందరూ వీటి గురించే అడుగుతారు. కానీ ఇవేవీ నా ప్రాణం మీదికి తేలేదు.

తెచ్చింది రెండో డోసు తర్వాత పదకొండో రోజు రాత్రి. త్వరత్వరగా విభజన జరిగే కణాలన్నిటినీ కీమో దెబ్బ తీస్తుంది. జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, ఎముకల్లోని మూలుగ, అన్నీ. మూలుగ దెబ్బతింటే తెల్లకణాలు తగ్గుతాయి. సాధారణంగా ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య బాగా పడిపోతాయి. అప్పుడు చిన్న ఇన్‌ఫెక్షన్‌ని కూడా ఒళ్లు తట్టుకోలేదు. జ్వరం 100.4 వచ్చిందంటే ఏ టైమైనా సరే ఆసుపత్రికి వచ్చేయమని నర్సమ్మ కాగితం మీద రాసిచ్చింది. అది మా ఫ్రిజ్ మీద అంటించే ఉంది.

ఆ రాత్రి ఒంటిగంటన్నరకి వణుకుతో మెలకువ వచ్చింది. థర్మామీటర్ పెట్టుకుంటే 101.2. మావారికి రెండు రోజులుగా నిద్ర లేదు, అప్పుడే కాస్త కునుకు పట్టింది. లేపబుద్ధి కాలేదు. ఒక పారాసిటమాల్ వేసుకుని, ఇంకో దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

తెల్లారి లేచి నిలబడలేకపోయాను. బీపీ పడిపోయింది. 4,000కి పైన ఉండాల్సిన తెల్లకణాలు 600 ఉన్నాయి. ఆరు రోజులు నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. డ్యూటీ డాక్టరమ్మ కోప్పడలేదు. "రాత్రే వచ్చుంటే బావుండేదమ్మా" అంది, అంతే. మావారు మాత్రం మంచం పక్కన నిలబడి, "నన్నెందుకు లేపలేదు?" అని అడిగారు. ఏం చెప్పను? గడ్డని నాలుగు నెలలు దాచిన బుద్ధే జ్వరాన్ని ఐదు గంటలు దాచింది. ఓర్పుగల పిల్ల అని చిన్నప్పటి నుంచీ మెచ్చుకుంటే పొంగిపోతూ పెరిగినదాన్ని. ఆ ఓర్పు ఆయన్ని ఎంత బాధపెట్టిందో ఆ ముఖంలో చూశాను.

తర్వాత పన్నెండు వారాలు పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు, ఆ పైన రేడియేషన్. ఇప్పుడు క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ ఒక టామోక్సిఫెన్ మాత్ర. వేళ్ల చివర తిమ్మిరి ఇంకా పోలేదు, సుద్దముక్క జారిపోతుంటుంది. స్కూలుకి వెళ్తున్నాను.

ఇందాక మీలో ఒకావిడ వచ్చి, సోమవారం తనకి మొదటి కీమో అని చెప్పారు. ఆవిడకి నేను చెప్పాల్సింది చెప్పాను. ఇప్పుడు పక్కనే కూర్చున్న వాళ్లబ్బాయితో మాట్లాడుతున్నాను. బాబూ, ఏడో రోజు నుంచి అమ్మ గదిలోనే పడుకో. రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా నుదురు మీద చెయ్యి వేసి చూడు. ఏం లేదురా, పడుకో అంటుంది. నువ్వు థర్మామీటర్ పెట్టు.