చద్దన్నం కోసం కాచుకుని ఉండే రూమినోకాకస్

శ్రోతలకు నమస్కారం. కంచరపాలెంలో మా అమ్మమ్మ రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మట్టికుండలో ఉంచేది. పొద్దున్నే మూత తీస్తే పుల్లటి వాసన గుప్పున వచ్చేది, దాంట్లో ఇంత ఉప్పు వేసి మజ్జిగ పోసి, చేతికో పచ్చిమిరపకాయ ఇచ్చి, "తిను నాన్నా, చలవ చేస్తుంది" అనేది. ఇప్పుడు ఆ అన్నమే చాలా ఇళ్లలో చెత్తబుట్టలోకి పోతోంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన మెతుకు ఒకటి వేళ్ల మధ్య నలిపి చూడండి. వేడన్నంలా మెత్తగా నలగదు, పలుకులా గట్టిగా తగులుతుంది. చల్లారేటప్పుడు అన్నంలోని పిండిపదార్థం కొంత మళ్లీ బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్నది చిన్నపేగులో అరగదు, నేరుగా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ దాన్ని విరగ్గొట్టే పనివాడు రూమినోకాకస్ బ్రోమీ, ఆక్సిజన్ అంటే అస్సలు పడని గుండ్రటి బ్యాక్టీరియా.

2012లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ శాస్త్రవేత్తలు పేగులో ఉండే నాలుగు రకాల బ్యాక్టీరియాని పక్కపక్కన పెట్టి ఈ మొండి పిండి మీద పరీక్షించారు. గెలిచింది ఇదే. అంతకన్నా నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది: ఈ బ్యాక్టీరియా కనిపించని ఒక మనిషి మలం నమూనాకి మిగతా మూడింటినీ కలిపి చూస్తే పెద్దగా లాభం లేకపోయింది, దీన్ని కలిపాక మాత్రం ఆ పిండి బాగా అరిగింది. పైగా ఇది విరగ్గొట్టిన ముక్కలు ఒక్కటే తినేయదు, చుట్టుపక్కల వాళ్లకీ అందుతాయి, వాళ్లలో కొందరు వాటినుంచి బ్యూటిరేట్ తయారుచేస్తారు. మన పెద్దపేగు గోడలోని కణాలకి ముఖ్యమైన ఇంధనం అదే. అంటే మనం తిన్న చద్దిముద్ద పేగులో బంతిభోజనమే అన్నమాట!

షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట, చద్దన్నమే కదా అని రెండు గిన్నెలు తినేయకండి, అందులో బిగుసుకునేది కొంతే, మిగతాదంతా చక్కెరగానే మారుతుంది. ఇంకోటి, మన విశాఖ ఉక్కపోతలో వండిన అన్నం ఊరికే బయట వదిలేస్తే బాసిల్లస్ సెరియస్ అనే వేరే బ్యాక్టీరియా పెరిగి విషం చిమ్ముతుంది, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే వేడి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున తీసి మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ తినండి, పిల్లలకీ ఒక ముద్ద పెట్టండి.